అవధానం – యౌగపద్యమా, క్రమమా? : తెలుగు అవధాన చరిత్రలో మనోవ్యాపార స్వరూపం

వ్యాస సంగ్రహం

అవధానాన్ని ‘ఏకకాలంలో అనేక విషయాలపై మనస్సు నిలపడం’ అని నిర్వచించడం మన సాహిత్య చరిత్రల్లోనూ, సభావేదికలపైనా పరిపాటి అయింది. ఈ నిర్వచనం అవధాన ప్రక్రియకు న్యాయం చేయదన్నది ఈ వ్యాస ప్రతిపాదన. అవధాని ఒక క్షణంలో ఒక పనినే చేస్తాడు. అసంపూర్ణంగా వదలిన పనిని చెదరకుండా నిలిపి, వంతు వచ్చినప్పుడు వదలిన చోటినుంచే అందుకోవడంలో అతని విశిష్టత ఉంది. ఆ నిలుపుదలకు తెలుగు పద్యనిర్మాణమే ప్రధాన సాధనమైంది. ప్రాచీన దర్శన, అలంకార శాస్త్రాల భావనలను, తెలుగు అవధాన చరిత్రలోని దశలను, గత 130 ఏళ్ల మనోవిజ్ఞాన పరిశోధనలను జోడించి ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: అవధానం, ధారణ, యౌగపద్యం, శతలేఖిని, ప్రాస, పంచముఖి.

1. ఉపోద్ఘాతం

ఒకే సమయంలో పలు పనులు చేయగల శక్తి మనస్సుకు ఉన్నదా అన్న ప్రశ్న ఈనాటిది కాదు. భారతీయ దార్శనికులు దానిని వాదగ్రంథాల్లో చర్చించారు. పాశ్చాత్య మనోవిజ్ఞానం ప్రయోగశాలలో పరీక్షించింది. తెలుగువారు ఆ ప్రశ్నను సభామధ్యంలో నిలిపి, దానికొక సాహిత్య ప్రక్రియను కల్పించారు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి, న్యస్తాక్షరి వంటి అంశాలతో పృచ్ఛకులు చుట్టూ కూర్చుని ఉండగా, అప్రస్తుత ప్రసంగి మధ్యమధ్య అడ్డు తగులుతూ ఉండగా, అవధాని పద్యాలను పాదం పాదంగా చెప్పి, చివర అన్నింటినీ ధారణ చేయడం మనకు సుపరిచితమైన దృశ్యం.

ఈ దృశ్యాన్ని చూసినవారిలో రెండు విధాల స్పందన కనిపిస్తుంది. ఒకరు దీనిని అతిమానుష ప్రతిభగా కీర్తిస్తారు. మరొకరు జ్ఞాపకశక్తి గారడీగా తోసిపుచ్చుతారు. ఈ రెండు అభిప్రాయాలకూ మూలం ఒక్కటే: అవధాని మనస్సు ఏకకాలంలో ఎనిమిదిగా లేదా నూరుగా చీలుతుందన్న ఊహ. ఈ ఊహను పరీక్షించకుండా అవధాన పద్యాల విలువను గాని, అవధాన చరిత్రలో వచ్చిన మార్పులను గాని సరిగా అంచనా వేయలేము.

2. పదార్థ విచారం

‘అవధానం’ అనే పదంలో బహుత్వం లేదు. సుమారు క్రీ.శ. 800 నాటి కాశ్మీర ఆలంకారికుడు వామనుడు కావ్యాలంకార సూత్రవృత్తిలో అవధానాన్ని కావ్యరచనకు తోడ్పడే ప్రకీర్ణాంగాలలో ఒకటిగా చేర్చి, దానిని చిత్తం యొక్క ఏకాగ్రతగా నిర్వచించాడు. బాహ్యవిషయాల నుంచి మరలిన చిత్తమే అర్థాలను దర్శించగలదని అతని ఆశయం. ఆ ఏకాగ్రత దేశకాలాల వల్ల సిద్ధిస్తుందని చెప్పి, జనం లేని చోటునూ, రాత్రి నాలుగవ యామాన్నీ అందుకు తగినవిగా పేర్కొన్నాడు.

తెలుగు అవధాని పరిస్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధం. అతని దేశం జనసమ్మర్దంతో కూడిన సభ. అతని కాలం పృచ్ఛకుల అధీనం. వామనుడు కోరిన ఏకాంతాన్ని అతడు గుంపు నడుమ, తనలోనే కల్పించుకోవలసి వస్తుంది. పేరు మారకుండా పరిస్థితి తలకిందులైన ఈ పరిణామం గమనార్హం. అష్టావధానమంటే ఎనిమిదిగా చీలిన దృష్టి అనడం కంటే, ఎనిమిది మార్లు కుదుర్చుకొన్న ఏకాగ్రత అనడం పదార్థానికి దగ్గరగా ఉంటుంది.

న్యాయదర్శనం ఈ విషయంలో మరింత నిర్దిష్టంగా మాట్లాడింది. గౌతముని న్యాయసూత్రాల ప్రకారం జ్ఞానాలు ఒకేసారి పుట్టకపోవడమే మనస్సు అనే ద్రవ్యం ఉన్నదనడానికి గుర్తు. కన్ను, చెవి, ముక్కు తమ తమ విషయాలతో ఒకే సమయంలో సంబంధం పొందినా, అణుపరిమాణమైన మనస్సు ఒక క్షణంలో ఒక ఇంద్రియంతోనే కలుస్తుంది. మరి ఒకేసారి అన్నీ తెలిసినట్లు ఎందుకు తోస్తుంది? గిరగిర తిప్పిన కొరవి అగ్నివలయంగా కనిపించినట్లే, అతివేగమైన సంచారం వల్ల క్రమం కనబడదని సూత్రకారుని సమాధానం. నూరు కలువరేకులను దొంతరగా పేర్చి సూదితో గుచ్చితే అన్నీ ఒక్కసారే తెగినట్లు అనిపించినా, నిజానికి ఒకదాని తరువాత ఒకటే తెగుతాయన్న ఉపమానం కూడా శాస్త్ర చర్చల్లో ప్రసిద్ధం. దీనికి ఎదురుగా శష్కులి ఉదాహరణ వచ్చింది. మన చక్కిలం వంటి ఆ పిండివంటను కొరికినప్పుడు రూపం, రుచి, వాసన, స్పర్శ, కరకరమనే శబ్దం ఒకేసారి తెలుస్తున్నాయి కదా అని ఆక్షేపం. అక్కడ కూడా కలువరేకుల న్యాయమే వర్తిస్తుందని నైయాయికులు నిలిచారు.

అవధాన సభలో ప్రేక్షకుడు చూసేది అగ్నివలయం. అవధాని తిప్పేది ఒక్క కొరవి. ఈ భేదాన్ని పట్టుకొని అవధాన చరిత్రను తిరిగి చదవవలసి ఉంది.

3. శతలేఖిని నుంచి శతావధానం దాకా

శతావధాన ప్రశస్తికి ఒక ప్రాచీన ఆధారం కోలాచల వంశానికి సంబంధించినది. వ్యాఖ్యాత మల్లినాథసూరికి పితామహుడైన మల్లినాథుడు శతావధానిగా విఖ్యాతుడనీ, కాకతీయ వీరరుద్రుడు అతనిని సత్కరించాడనీ ఆ వంశీయుని చంపూరామాయణ వ్యాఖ్యలోని వంశవర్ణన తెలుపుతుంది. అక్కడ బిరుదమే గాని ప్రక్రియా వివరణ లేదు. కాబట్టి నేటి శతావధాన రూపాన్ని ఆ కాలానికి ఆరోపించడం సాహసమవుతుంది.

16వ శతాబ్దిలో చిత్రం కొంత స్పష్టమవుతుంది. చిత్రభారత కర్త చరిగొండ ధర్మన శతలేఖిన్యవధానంలో తనకు గల ప్రసిద్ధిని చెప్పుకొన్నాడు. రామరాజభూషణుడు శతలేఖినీ పద్యసంధానాన్నీ, ఘటికకు నూరు గ్రంథాలు కూర్చగల సామర్థ్యాన్నీ తన విద్యలుగా పేర్కొన్నాడు. ఈ రెండు మాటలూ వేర్వేరు శక్తులను సూచిస్తున్నాయి. ఘటిక అంటే 24 నిమిషాలు. ఆ వ్యవధిలో నూరంటే ఒక్కొక్కదానికి 15 సెకన్లయినా దక్కవు. ఇది వేగానికి పరీక్ష. శతలేఖిని పేరును బట్టి చూస్తే, నూరు గంటాలు పట్టిన లేఖకులకు వంతులవారీగా పద్యభాగాలను అందించడం. ఇది పంపకానికి పరీక్ష. ఇక్కడ చెప్పిన పాదం తాటాకు మీద నిలిచి ఉంటుంది. కవి మనస్సులో తరువాతి పాదపు దారి తెలిస్తే చాలు.

నేటి అవధానానికి ప్రాణమైన ధారణ మూడవ శక్తి. చెప్పిన భాగాన్ని రాతకు అప్పగించకుండా తన మనస్సులోనే దాచుకోవడం, చివర సమగ్రంగా అప్పగించడం దీని లక్షణం. వేగం, పంపకం, ధారణ అనే ఈ మూడింటినీ విడదీసి చూడక, అన్నింటినీ ‘ఏకకాలికత’ అనే ఒక్క మాట కింద చేర్చడం వల్లనే అవధాన చరిత్ర రచనలో అస్పష్టత ఏర్పడింది.

ధారణ ఒక్కటే శతావధానం అనిపించుకొన్న సందర్భాలు దేశంలో ఇతరత్రా ఉన్నాయి. గుజరాతీ జైన తత్త్వవేత్త శ్రీమద్ రాజచంద్ర శతావధానిగా ప్రసిద్ధుడు. 1891లో ఇంగ్లండు నుంచి తిరిగి వచ్చిన గాంధీజీ తనకు తెలిసిన ఐరోపా భాషల పదాలన్నీ ఏకరువు పెట్టగా, ఆయన అదే వరుసలో వాటిని తిరిగి చెప్పారని ఆత్మకథలో ఉంది. అక్కడ ఇచ్చినదానిని ఇచ్చినట్లు నిలుపుకోవడమే పరీక్ష. తెలుగు అవధానంలో నిలుపుకోవలసిన వస్తువు ఇంకా పుట్టలేదు. దానిని పుట్టిస్తూనే నిలుపుకోవాలి. తెలుగు అవధానానికి గల ప్రత్యేకత ఇదే.

4. తిరుపతి వేంకటకవులు: రూపస్థిరీకరణ

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో మాడభూషి వేంకటాచార్యులు అవధానిగా పేరుపొందారు. ఆ తరువాత దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) జంటగా దానిని ఊరూరికీ తీసుకొనిపోయారు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి వద్ద సహాధ్యాయులైన ఈ ఇద్దరూ కోస్తాలోని జమీందారీల నుంచి గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాల దాకా పర్యటించారు. నానారాజసందర్శనం, శతావధానసారం ఆ పర్యటనల ఫలాలు. కొప్పరపు సోదరకవులతో వారికి ఏర్పడిన స్పర్ధ తెలుగు నేలపై ఆశుకవితా, అవధాన సభలకు అపూర్వమైన ప్రజాదరణ తెచ్చింది. చెళ్ళపిళ్ళవారి శిష్యులలో విశ్వనాథ సత్యనారాయణ, కాటూరి వేంకటేశ్వరరావు, పింగళి లక్ష్మీకాంతం వంటివారు ఉండడం, వారిలో పింగళివారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు అధ్యాపకులు కావడం వల్ల అవధాన సంస్కారం విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి కూడా ప్రవేశించింది.

ఈ కాలంనాటి అష్టావధానాల్లోని అంశాలను నేటివాటితో పోల్చితే ఒక మార్పు కనిపిస్తుంది. చదరంగం, చీట్లపేక, పుష్పగణనం, ఘంటాగణనం, గణిత ప్రశ్నలు పూర్వం విరివిగా ఉండేవి. కాలక్రమంలో వాటి పాలు తగ్గి, పద్యరచనా రూపమైన అంశాలు పెరిగాయి. వీపుమీద వేసిన పూలను, ఎప్పుడో మోగిన గంటలను లెక్కించడం పద్యం చెబుతూ ఉండగానే చేయవలసిన పని. అందులో యౌగపద్యపు అంశ ఎక్కువ. సమస్య, దత్తపది, వర్ణన వంతులతో నడిచేవి. సభాభిరుచి, కవిత్వ ప్రాధాన్యం ఈ మార్పునకు కారణాలుగా కనిపిస్తాయి. అయితే ఫలితాన్ని మనోవ్యాపార దృష్టితో చూస్తే, అవధానం క్రమంగా యౌగపద్యాన్ని తగ్గించుకొని క్రమికతను పెంచుకొన్న ప్రక్రియగా తోస్తుంది. అది అభివృద్ధిచేసిన విద్య పనులను కలిపి చేసే విద్య అయి ఉంటే, ఈ మార్పు క్షీణత కావాలి. పనులను వదలి తిరిగి అందుకొనే విద్య అయితే, ఇది పరిణతి.

5. పద్యపాదం: వదలడం, అందుకోవడం

శతావధానపు లెక్క ఒకసారి చూడాలి. నూరుగురు పృచ్ఛకులు, ఒక్కొక్కరికి నాలుగు పాదాలు, అంటే 400 మార్లు వంతు తిరగాలి. మొదటి పృచ్ఛకునికి తొలిపాదం చెప్పిన తరువాత, రెండవ పాదం చెప్పే లోపల 99 మంది ఇతరులకు పాదాలు చెప్పవలసి ఉంటుంది. పాదానికి సగటున 20 అక్షరాలనుకొన్నా, చివర ధారణ చేయవలసినవి 8,000 అక్షరాలు. వీటిని విడి అక్షరాలుగా నిలుపుకోవడం ఏ మనస్సుకూ సాధ్యం కాదు. కాబట్టి ఆ భారాన్ని మోసే నిర్మాణం వేరే ఉండాలి. అది ఛందస్సు.

ఉత్పలమాలను ఉదాహరణగా తీసుకొందాం. పాదానికి 20 అక్షరాలు, గురులఘు క్రమం ముందే నిశ్చితం. పదవ అక్షరం యతిస్థానం, కాబట్టి అది మొదటి అక్షరంతో మైత్రి పాటించాలి. రెండవ అక్షరం ప్రాస. తొలిపాదంలో అవధాని ఏ హల్లును ప్రాసగా ఎన్నుకొన్నాడో, తక్కిన మూడు పాదాలూ దానికే కట్టుబడాలి. సాధారణంగా ప్రాసను కవికి సంకెలగా భావిస్తాం. అవధానికి అది చిరునామా. 99 పాదాల తరువాత తిరిగి వచ్చినప్పుడు ప్రాసాక్షరం గుర్తుకు వస్తే, దాని వెంట వృత్తం, వృత్తం వెంట పాదం కదిలి వస్తాయి. సమస్యాపూరణంలో ఈ చిరునామాను పృచ్ఛకుడే ఇస్తాడు. చివరి పాదం ముందే తెలుసు కాబట్టి, ప్రాసతోపాటు చేరవలసిన గమ్యం కూడా స్థిరపడి ఉంటుంది. దత్తపదిలో ఇచ్చిన నాలుగు పదాలు నాలుగు మజిలీలు. న్యస్తాక్షరిలో నిర్దేశించిన అక్షరం నాటిన గుంజ. పృచ్ఛకుడు బంధనంగా ఇచ్చిన ప్రతి నియమమూ అవధాని చేతిలో జ్ఞాపకానికి ఆధారమవుతుంది.

తెలుగు పద్యానికే చెందిన మరొక సౌలభ్యం ఉంది. సంస్కృత శ్లోకంలో పదం పాదాంతంతో ముగియడం నియమం. తెలుగు పద్యంలో ఒక పదం ఒక పాదంలో మొదలై తరువాతి పాదంలో ముగియవచ్చు. అందువల్ల అవధాని వదలిన పాదం చాలాసార్లు సగం మాటతో, పూర్తికాని అన్వయంతో నిలిచి ఉంటుంది. ఆ సగం మాట తన తక్కిన సగాన్ని కోరుతూ ఉంటుంది. పూర్తయిన వాక్యం మనస్సులోంచి జారిపోవచ్చును గాని, తెగిన మాట జారదు. పాదాల నడుమ నిరాఘాటంగా సాగే తెలుగు పద్యధార అవధానానికి అనుకూలించిన కారణాల్లో ఇది ముఖ్యమైనదని భావించవచ్చు.

పృచ్ఛకులు కూర్చున్న వరుస, వారి ముఖం, కంఠస్వరం కూడా ఇందుకు తోడ్పడతాయి. గ్రీకు, రోమక వక్తలు ప్రసంగభాగాలను ఒక భవనంలోని గదులకు ముడిపెట్టి గుర్తుంచుకొనేవారని సిసెరో రాశాడు. అవధానికి సభయే ఆ భవనం.

6. ప్రయోగశాలల సాక్ష్యం

తిరుపతి వేంకటకవులు సభలకు బయలుదేరిన కాలంలోనే, 1890లో విలియం జేమ్స్ తన మనోవిజ్ఞాన గ్రంథంలో మనస్సు ఒకేసారి ఎన్ని విషయాలను గమనించగలదన్న ప్రశ్న వేశాడు. బాగా అలవాటైన పనులైతే తప్ప ఒకదానిని మించి సులభం కాదన్నది ఆయన సమాధాన సారం. ఒక పద్యాన్ని పైకి చదువుతూ మరొకదానిని మనసులో వల్లించిన ఫ్రెంచి పరిశోధకుడు పాలాన్ ప్రయోగాలను ఆయన అక్కడ ప్రస్తావించాడు. అంతకంటే ఎన్నోరెట్లు క్లిష్టమైన ప్రయోగం గోదావరీ తీరాన పరిపక్వమవుతున్నదని ఆయనకు తెలిసే అవకాశం లేకపోయింది.

1927లో వెలువడిన రెండు పరిశోధనలు మన చర్చకు ప్రత్యక్షంగా ఉపకరిస్తాయి. ఆర్థర్ జెర్సిల్డ్ ఒక పని నుంచి మరొక పనికి మారుతూ ఉండడం వల్ల కలిగే కాలహరణాన్ని కొలిచాడు. రెండు పనులూ ఒకే రకం సామగ్రిపై చేయవలసినవైతే మార్పు వల్ల నష్టం ఎక్కువ. సామగ్రి వేరువేరై, చూడగానే ఏ పని చేయాలో తెలిసేట్లుంటే ఆ నష్టం దాదాపు మాయమైంది. అవధానంలో అంశాలు ఒకదానితో ఒకటి పోలకుండా ఉండడం, అవధాని వృత్తాలనూ ప్రాసలనూ వైవిధ్యంతో ఎన్నుకోవడం ఈ దృష్టితో సార్థకం. అదే సంవత్సరం బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ మధ్యలో ఆపిన పనులు పూర్తయినవాటికంటే బాగా గుర్తుంటాయని ప్రతిపాదించింది. తరువాతి ప్రయోగాలు దీనిని అన్నివేళలా సమర్థించలేదు. అయినా అసంపూర్ణ పాదపు శక్తిని గురించిన మన ఊహకు ఇది పరీక్షింపదగిన రూపం ఇస్తుంది.

1952లో వెల్ఫర్డ్ రెండు సంకేతాలు వెంటవెంటనే వచ్చినప్పుడు రెండవదానికి ప్రతిస్పందన ఆలస్యమవుతుందనీ, నిర్ణయం తీసుకొనే దారి ఇరుకైనదనీ సూచించాడు. అణుమనస్సును గురించిన న్యాయసిద్ధాంతానికి ఇది ఆశ్చర్యకరంగా దగ్గరి మాట. ఎదురు సాక్ష్యం కూడా ఉంది. 1976లో స్పెల్కీ, హర్స్ట్, నైసర్ ఇద్దరు విద్యార్థుల చేత కథలు చదువుతూనే, చెప్పిన పదాలను రాసే అభ్యాసం చేయించారు. కొన్ని వారాల తరువాత వారి పఠనవేగం మామూలు స్థాయికి చేరింది. అభ్యాసం సరిహద్దును జరపగలదన్న మాట. 1995లో ఎరిక్సన్, కింట్ష్ నిపుణుల స్మృతిని గురించి చెప్పినది ఈ వైరుధ్యానికి కొంత సమాధానం. నిపుణుడు తన రంగంలోని విషయాలను దీర్ఘకాలిక స్మృతిలో వెంటనే నిక్షేపించి, గుర్తుల సాయంతో తిరిగి తీస్తాడు. వృత్తం, ప్రాస, పృచ్ఛకుని స్థానం అవధానికి అటువంటి గుర్తులు. ఈ శక్తి ఆ రంగానికే పరిమితం. పద్యం మీద అధికారం లేనివానికి ఎంత జ్ఞాపకమున్నా అవధానం అబ్బకపోవడానికి ఇదే హేతువు.

7. పంచముఖి: ఒక ప్రతివాదం

ఈ ప్రతిపాదనకు బలమైన ఆక్షేపం ఉత్తరాంధ్రలోనే ఉంది. విజయనగరం సంగీత కళాశాల ప్రథమాధ్యక్షులు, హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) రెండు చేతులతో, రెండు కాళ్లతో, శిరస్సుతో ఐదు తాళాలను ఒకేసారి చూపేవారు. ‘పంచముఖీ పరమేశ్వర’ బిరుదం అందుకే వచ్చింది. ఇక్కడ వంతులు లేవు. ఐదూ కలిసి నడుస్తాయి. ఇది నిజమైన యౌగపద్యం కాదా?

లయశాస్త్రమే ఇందుకు సమాధానం సూచిస్తుంది. త్రిశ్ర, చతురశ్ర, ఖండ, మిశ్ర, సంకీర్ణ జాతులకు అక్షరాలు వరుసగా 3, 4, 5, 7, 9. ఒకే వేగంతో ఒకేసారి మొదలైతే ఈ ఐదూ తిరిగి 1,260 అక్షరాల వద్ద కలుస్తాయి. విడివిడిగా ఐదు లెక్కలు నడపడం మనస్సుకు దుర్భరం. అదే ఐదింటినీ ఒక పెద్ద ఆవృత్తంలోని అవయవాలుగా ఇముడ్చుకొంటే, మనస్సుకు మిగిలేది ఒక లయ. శరీరం అభ్యాసబలం చేత దానిని ఐదు చోట్ల వ్యక్తం చేస్తుంది. అప్పుడు పంచముఖి ఐదు పనుల సమూహం కాక, ఐదు ముఖాలు గల ఒకే పని అవుతుంది. బిరుదం పెట్టినవారు ఐదు ముఖాలను చెప్పి పరమేశ్వరుని ఒక్కనిగానే నిలపడం యాదృచ్ఛికమైనా అర్థవంతం.

కాబట్టి బహుకార్య సమస్యకు తెలుగు సంప్రదాయం రెండు పరిష్కారాలు చూపింది. సాహిత్యావధానం పనులను క్రమంలో పెట్టింది. నారాయణదాసుగారి లయవిద్య పనులను ఒకటిగా కూర్చింది. మనస్సును చీల్చడం రెండింటిలోనూ లేదు.

8. ఉపసంహారం

ఈ చర్చ వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, అవధానాన్ని ఏకకాలికతగా నిర్వచించడం పదార్థానికీ, ప్రక్రియకూ, చరిత్రకూ పొసగదు. క్రమబద్ధమైన ఏకాగ్రతల పరంపరగా నిర్వచించడం ఉచితం. రెండవది, అవధానంలో పద్యం జ్ఞాపకశక్తి ప్రదర్శనకు తొడిగిన ఆచ్ఛాదన కాదు. యతిప్రాసలు, పాదోల్లంఘనం ఆ జ్ఞాపకాన్ని సాధ్యం చేస్తున్న యంత్రాంగం. గారడీ అన్న ఆక్షేపానికి ఇదే తగిన సమాధానం.

మూడవది పరిశోధకుల కర్తవ్యానికి సంబంధించినది. మనకు లభిస్తున్న అవధాన సంపుటాలు సాధారణంగా పృచ్ఛకుని ప్రశ్నను, దాని కింద నాలుగు పాదాల పద్యాన్ని ముద్రిస్తాయి. ఏ పాదం ఎప్పుడు వచ్చింది, దానికి ముందూ వెనుకా ఏమున్నాయి, అప్రస్తుత ప్రసంగి ఎక్కడ తగిలాడు, ఏ పాదాంతంలో మాట తెగింది అన్న వివరాలు అచ్చులో మాయమవుతాయి. ఫలం మిగిలి, ప్రక్రియ అదృశ్యమైంది. ఇకముందు జరిగే సభలను వంతుల క్రమంతో, వ్యవధులతో సహా నమోదు చేయడం అవసరం. మద్దిలపాలెం సరిహద్దున ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ, 1960ల చివర కోనేరు రామకృష్ణారావు నెలకొల్పిన మనోవిజ్ఞాన శాఖ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. నారాయణదాసు విజయనగరం దూరం కాదు. కొప్పరపు కవుల పేరిట కళాపీఠం ఈ నగరంలోనే పనిచేస్తున్నది. ఇటువంటి ఉమ్మడి పరిశోధనకు ఇంతకంటే అనుకూలమైన చోటు అరుదు.

ఈ పరిశోధనకు సాహిత్యేతర ప్రయోజనం కూడా ఉంది. 2001లో స్ట్రేయర్, జాన్‌స్టన్ చేసిన ప్రయోగాల్లో ఫోన్‌లో మాట్లాడుతూ వాహనం నడిపినవారు, ఫోన్ చేతిలో ఉన్నా లేకున్నా, మార్గసంకేతాలను గమనించడంలో వెనుకబడ్డారు. మద్దిలపాలెం కూడలిలో భుజానికీ చెవికీ నడుమ ఫోన్ ఇరికించుకొని సాగే ద్విచక్ర వాహనదారుడు తనను తాను అష్టావధానిగా భావించుకోవచ్చు. మన వాడుకలో కూడా పది పనులు నెత్తిన వేసుకొన్నవారిని ‘అష్టావధానం చేస్తున్నారు’ అంటాం. అవధాని ఆ మాటను అంగీకరించడు. అప్రస్తుత ప్రసంగికి బదులిచ్చేటప్పుడు అతడు పద్యాన్ని ఆపుతాడు. ఆపిన చోటు అతనికి తెలుసు.